రౌటర్‌కు పెట్టిన హార్డ్‌డిస్క్ తెరుచుకోకపోతే లోపం ఎక్కడ వెతకాలి

వైఫై రౌటర్ వెనుక యూఎస్‌బీ పోర్టు ఉంటే అందులో ఒక పెన్‌డ్రైవో, పాత హార్డ్‌డిస్కో పెట్టి ఇంట్లో అందరూ వాడుకోవచ్చు. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు అన్నీ ఒకే చోట ఉంటాయి. ల్యాప్‌టాప్, ఫోన్, టీవీ, ఎవరికి ఎందులో వీలైతే అందులో చూసుకుంటారు. విడిగా సర్వర్ కొనక్కర్లేదు, నెలనెలా క్లౌడ్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ఏళ్ల తరబడి ఇలా నడిచిన ఏర్పాటు కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజునో, విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడో ఉన్నట్టుండి ఆగిపోతుంది. నెట్‌వర్క్ పాత్ దొరకలేదని ఒక మెసేజ్ వస్తుంది, దానితోపాటు 80070035 అనే ఎర్రర్ కోడ్. డిస్క్ పాడైందేమో, ఫొటోలన్నీ పోయాయేమో అని టెన్షన్ మొదలవుతుంది.

చాలా సందర్భాల్లో డిస్క్‌కు ఏమీ అయి ఉండదు. అడిగిన చోటి నుంచి జవాబు రాలేదన్నదే ఆ మెసేజ్ సారాంశం. ఎందుకు రాలేదో విండోస్‌కూ తెలియదు. డిస్క్‌కు కరెంటు చాలకపోయినా, దాని ఫార్మాట్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) రౌటర్‌కు అర్థం కాకపోయినా, ల్యాప్‌టాప్ వేరే వైఫైకి కలిసి ఉన్నా, రౌటర్ వాడే పాత పద్ధతిని విండోస్ ఒప్పుకోకపోయినా తెర మీద కనిపించే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే కంప్యూటర్ ముందు కూర్చుని వెతకడం మొదలుపెడితే దారి తప్పుతాం. ఫైర్‌వాల్ ఆపేస్తారు, యాంటీవైరస్ తీసేస్తారు, ఎక్కడో చదివిన రిజిస్ట్రీ మార్పు చేస్తారు. ఇన్ని చేశాక కూడా లోపం ఎక్కడిదక్కడే ఉంటుంది, కంప్యూటర్‌కు ఉన్న రక్షణ మాత్రం పోతుంది. డిస్క్ దగ్గర మొదలుపెట్టి, రౌటర్ మీదుగా కంప్యూటర్ వైపు రావడమే సరైన వరస. ఒక మజిలీ బాగుందని తేలాకే తర్వాతి మజిలీకి వెళ్లాలి.

రౌటర్‌కు డిస్క్ కనిపిస్తోందా

మొదట బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరవాలి. చాలా రౌటర్లకు 192.168.1.1 లేదా 192.168.0.1 అడ్రస్ ఉంటుంది. జియోఫైబర్ పెట్టెలకు 192.168.29.1. లోపల యూఎస్‌బీ, స్టోరేజ్, ఫైల్ షేరింగ్ లాంటి పేరుతో ఒక పేజీ ఉంటుంది. అక్కడ డిస్క్ పేరు, మొత్తం సైజు, మిగిలిన ఖాళీ సరిగ్గా కనిపిస్తే డిస్క్, కేబుల్, కరెంటు, ఫార్మాట్ నాలుగూ బాగున్నట్టే. ఇక దృష్టంతా నెట్‌వర్క్ మీద పెట్టవచ్చు. డిస్క్ పేరు కనిపిస్తూ సైజు సున్నా అని చూపిస్తే లోపం ఫార్మాట్‌లో ఉంది. అసలు ఏమీ కనిపించకపోతే కరెంటునో, కేబుల్‌నో అనుమానించాలి. ఈ ఒక్క పేజీ చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. అయినా చాలామంది చివరికి గానీ ఈ పేజీ తెరవరు.

కరెంటు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలాచోట్ల ఇబ్బంది ఇక్కడే. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీయాంపియర్లు ఇస్తుంది, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 ఇస్తుంది. పెన్‌డ్రైవ్‌కు ఇది ధారాళంగా సరిపోతుంది. లోపల పళ్లెం తిరిగే రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్క్ మాత్రం తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక యాంపియర్ దాకా లాగగలదు. రౌటర్ అడాప్టర్ 12 వోల్టులు, 1 యాంపియర్‌ది అయితే మొత్తం చేతిలో ఉన్నది 12 వాట్లే. వైఫై, ప్రాసెసర్ వాడుకోగా మిగిలిందే డిస్క్‌కు దక్కుతుంది. అది చాలనప్పుడు డిస్క్ టిక్ టిక్ అంటూ తిరగడానికి ప్రయత్నించి ఆగిపోతుంది, లేదంటే పెద్ద ఫైల్ కాపీ చేస్తుండగా రౌటరే రీస్టార్ట్ అవుతుంది. అదే డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు పెడితే చక్కగా పనిచేస్తుంది కాబట్టి రౌటర్ పాడైందన్న నిర్ణయానికి వచ్చేస్తారు. సొంత అడాప్టర్ ఉన్న డిస్క్ గానీ, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ గానీ పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. కొన్ని రౌటర్లు హబ్‌ను గుర్తించవు, అది ముందే చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌కు పెట్టినప్పుడు కూడా టిక్ టిక్ శబ్దం వస్తే అది డిస్క్ జబ్బే. అలాంటప్పుడు రిపేరు ప్రయోగాలు పక్కన పెట్టి, ముందు అందులోని ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోవాలి.

ఇక్కడే ఇంకో వింత ఉంది. యూఎస్‌బీ 3.0 డిస్క్ పెట్టగానే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బలహీనపడవచ్చు. యూఎస్‌బీ 3.0 సిగ్నల్ నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా ఆ పౌనఃపున్యాల మీదే పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్క్ పెట్టాక నెట్ తెగిపోతోంది, ఫైళ్లు రావడం లేదు అంటే కారణం ఇదే కావచ్చు. డిస్క్‌ను కాస్త పొడుగు కేబుల్‌తో రౌటర్‌కు దూరంగా జరపడం, ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం, రౌటర్‌లో ఆ వీలుంటే పోర్టును యూఎస్‌బీ 2.0 వేగానికి తగ్గించడం, వీటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది.

ఫార్మాట్ దగ్గర వచ్చే చిక్కులు

రౌటర్లలో ఎక్కువ భాగం లినక్స్ మీద నడుస్తాయి. డిస్కులు మాత్రం విండోస్ కోసం ఫార్మాట్ అయి వస్తాయి. 64 జీబీ అంతకుమించిన పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ దీన్ని 2006లో తెచ్చినా, దాని వివరాలను అందరికీ తెరిచింది 2019 ఆగస్టులోనే. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి మొదట 5.4 వెర్షన్‌లో ఒక తాత్కాలిక డ్రైవర్‌గా వచ్చింది, 2020లో 5.7 వెర్షన్‌తో శాంసంగ్ రాసిన పక్కా డ్రైవర్ వచ్చింది. అంతకుముందు ఎక్స్‌ఫ్యాట్ చదవాలంటే రౌటర్ కంపెనీ విడిగా డబ్బు పెట్టి డ్రైవర్ కొనాలి. చవక రౌటర్లలో ఆ పని చేయలేదు. రౌటర్ ఈ ఏడాదే కొన్నా అందులోని కెర్నెల్ పదేళ్ల పాతది కావచ్చు. కాబట్టి కొత్త రౌటర్ కొత్త పెన్‌డ్రైవ్‌ను చదవలేకపోవడంలో వింతేమీ లేదు.

విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్ పరిస్థితి కాస్త నయం, చాలా రౌటర్లు దాన్ని చదువుతాయి, రాస్తాయి. కానీ దానికి ఒక పట్టింపు ఉంది. డిస్క్‌ను సరిగా తీయకుండా లాగేసినా, రాస్తున్నప్పుడు కరెంటు పోయినా, ఈ డిస్క్‌ను సరిగా మూయలేదు అని ఒక గుర్తు అందులో మిగిలిపోతుంది. ఆ గుర్తు చూసిన లినక్స్ డ్రైవర్ కొన్నిసార్లు డిస్క్‌ను చదవడానికి మాత్రమే ఒప్పుకుంటుంది, కొన్నిసార్లు అసలు తీసుకోదు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల కూడా ఇలాంటి ఇబ్బంది రావచ్చు. అందులో షట్‌డౌన్ అన్నది నిజంగా పూర్తి షట్‌డౌన్ కాదు, సగం నిద్ర. డిస్క్ ల్యాప్‌టాప్‌కు ఉండగానే షట్‌డౌన్ చేసి, తర్వాత తీసి రౌటర్‌కు పెడితే విండోస్ ఇంకా ఆ డిస్క్‌ను పట్టుకుని ఉన్నట్టే రౌటర్‌కు కనిపించవచ్చు. పరిష్కారం తేలికే. డిస్క్‌ను మళ్లీ విండోస్‌కు పెట్టి, ప్రాపర్టీస్‌లోని టూల్స్‌కు వెళ్లి ఎర్రర్ చెకింగ్ నడిపి, టాస్క్‌బార్‌లో ఎజెక్ట్ కొట్టి, అప్పుడు తీయాలి. ఫైళ్లు చూడగలుగుతూ కొత్తవి పెట్టలేకపోతుంటే పర్మిషన్ల జోలికి వెళ్లే ముందు ఇది చేసి చూడటం మంచిది.

ఎండాకాలం కోతలు ఉండే మన ఊళ్లలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ రెండింటికీ జర్నల్ లేదు. అంటే మధ్యలో ఆగిన పనిని తిరిగి సరిచూసుకునే పద్దు వాటిలో ఉండదు. ఎన్‌టీఎఫ్ఎస్‌కూ, లినక్స్ వారి ఎక్స్‌ట్4కూ ఆ పద్దు ఉంది. డిస్క్ ఎప్పటికీ రౌటర్‌కే ఉండేదైతే ఎన్‌టీఎఫ్ఎస్ ఎంచుకుని, రౌటర్‌కు ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోవడం తెలివైన పని. ఫ్యాట్32ను ప్రతి రౌటరూ చదువుతుంది, అయితే 4 జీబీకి మించిన ఫైల్‌ను అది మోయలేదు. సినిమా కాపీ అవుతూ అవుతూ ఆగిపోయిందంటే ఇది ఒక కారణం. విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసిన డిస్క్‌ను ఏ మామూలు రౌటరూ తెరవలేదు. మ్యాక్ వాళ్ల ఏపీఎఫ్ఎస్ కూడా అంతే. 2 టీబీకి మించిన డిస్కులకు వాడే జీపీటీ పద్ధతి కొన్ని పాత రౌటర్లకు తెలియదు.

ఒక చిట్కా ఇక్కడ చెప్పుకోవాలి. ఇంట్లో స్మార్ట్ టీవీ ఉండి, రౌటర్‌లో మీడియా సర్వర్ ఆన్ చేసి ఉంటే టీవీలో ఆ డిస్క్ వీడియోలు వస్తున్నాయేమో చూడండి. టీవీ వాడేది డీఎల్ఎన్ఏ అనే వేరే పద్ధతి. టీవీలో వీడియో ఆడుతూ ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరుచుకోకపోతే డిస్క్, కరెంటు, ఫార్మాట్ అన్నీ నిర్దోషులే. మిగిలినవి ల్యాప్‌టాప్ దాకా ఉన్న నెట్‌వర్క్ దారి, ఫైల్ షేరింగ్ మాత్రమే.

దారి తెరిచే ఉందా

ల్యాప్‌టాప్ ఏ వైఫైకి కలిసి ఉందో చూడటం తర్వాతి పని. గెస్ట్ వైఫైకి కలిసి ఉంటే ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, డిస్క్ మాత్రం రాదు. అతిథుల ఫోన్లకు ఇంటి పరికరాలు కనిపించకుండా చేయడమే గెస్ట్ వైఫై పని. ఇంకో తరచు చిక్కు రెండు పెట్టెలది. ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, సిగ్నల్ చాలక కొనుక్కున్న రౌటర్ ఇంకొకటి ఉన్న ఇళ్లు బోలెడు. రెండూ రౌటర్లుగానే పనిచేస్తుంటే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు ఉన్నట్టు. డిస్క్‌ను కొనుక్కున్న లోపలి రౌటర్‌కు పెట్టి, ల్యాప్‌టాప్‌ను కంపెనీ ఇచ్చిన బయటి పెట్టె వైఫైకి కలిపితే ల్యాప్‌టాప్ లోపలికి వెళ్లలేదు. రెండో రౌటర్‌ను వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మారిస్తే ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. అప్పుడు దాని అడ్రస్ మారుతుంది, కొత్త అడ్రస్ మొదటి పెట్టె పేజీలో దొరుకుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (దూరంలోని నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారి) ఆన్‌లో ఉంటే ఇంటి నెట్‌వర్క్ మొత్తం మూసుకుపోవచ్చు. దాన్ని ఆపి ఒకసారి చూడటం తప్ప వేరే పరీక్ష అక్కర్లేదు.

విండోస్‌లో ఎడమ పక్కన ఉండే 'నెట్‌వర్క్' బొమ్మ నొక్కితే రౌటర్ కనిపించలేదని చాలామంది కంగారు పడతారు. అక్కడ కనిపించకపోవడం వేరు, తెరుచుకోకపోవడం వేరు. ఆ జాబితా తయారుచేసే 'కంప్యూటర్ బ్రౌజర్' అనే పాత విండోస్ సర్వీసు, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ అనే పద్ధతి మొదటి వెర్షన్ మీద ఆధారపడింది. అది పోయాక విండోస్ డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే కొత్త పద్ధతికి మారింది, చాలా రౌటర్లకు అది రాదు. కాబట్టి జాబితాను నమ్ముకోకుండా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, వెంటనే రౌటర్ ఐపీ అడ్రస్ రాసి ఎంటర్ నొక్కాలి. అలా తెరుచుకుంటే ఆ ఫోల్డర్‌కు ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చేస్తే సరి, 'నెట్‌వర్క్' బొమ్మతో ఇక పనిలేదు. మొదటిసారి కాస్త ఆలస్యం కావచ్చు. నిద్రపోయిన హార్డ్‌డిస్క్ లేచి తిరగడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆలోపే ఎర్రర్ వచ్చేస్తే ఇంకోసారి ప్రయత్నించాలి.

అసలు గొడవ: ఎస్ఎంబీ వెర్షన్లు

డిస్క్ బాగుంది, దారి బాగుంది, అయినా తెరుచుకోవడం లేదంటే అనుమానం ఎస్ఎంబీ మీదకు వస్తుంది. నెట్‌వర్క్‌లో ఫైళ్లు అడగడానికీ, ఇవ్వడానికీ విండోస్ వాడే పద్ధతి ఇది. 1980ల మొదట్లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దీనికి రూపమిచ్చాడు, తర్వాత మైక్రోసాఫ్ట్ దీన్ని పెంచి పెద్ద చేసింది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి 1990ల ఆరంభంలో మొదలుపెట్టిన సాంబా, అదే పద్ధతిని యూనిక్స్, లినక్స్ యంత్రాలకు నేర్పింది. ఇంటి రౌటర్ తనను తాను ఒక విండోస్ సర్వర్‌లా చూపించుకుంటోందంటే చాలావరకు లోపల ఉన్నది సాంబాయే.

2007లో సాంబా బృందం తమ తర్వాతి వెర్షన్లు జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు మూడో వెర్షన్ కింద వస్తాయని ప్రకటించింది. పరికరం కొన్నవాళ్లు అందులోని సాఫ్ట్‌వేర్‌ను మార్చి తిరిగి వేసుకునే వీలు ఉండాలన్నది ఆ లైసెన్సులో ఒక షరతు. తాళం వేసిన పెట్టెలు అమ్మే కంపెనీలకు అది నచ్చే షరతు కాదు. పైగా కొత్త సాంబా పరిమాణంలో పెద్దది, 8, 16 మెగాబైట్ల ఫ్లాష్ ఉన్న రౌటర్‌లో దానికి చోటు దొరకదు. అందుకని చాలా రౌటర్లు పాత లైసెన్సు కింద వచ్చిన చివరి వరుస, సాంబా 3.0 దగ్గరే ఆగిపోయాయి. దానికి వచ్చింది ఎస్ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే. రెండో వెర్షన్‌కు పూర్తి మద్దతు 2011లో వచ్చిన సాంబా 3.6తో గానీ రాలేదు. మైక్రోసాఫ్ట్ ఆ రెండో వెర్షన్‌ను విండోస్ విస్టాతోనే తెచ్చింది. ఇలా విండోస్ ముందుకు వెళ్తుంటే రౌటర్లు ఏళ్ల తరబడి వెనకే ఉండిపోయాయి. పాత పద్ధతినీ విండోస్ ఒప్పుకుంటూ వచ్చింది కాబట్టి ఆ తేడా ఎవరికీ కనిపించలేదు.

2017 మే 12న అది బయటపడింది. ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లోని ఒక లోపం గుండా ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వనాక్రై అనే రాన్సమ్‌వేర్ 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి పాకింది. బ్రిటన్ ఆసుపత్రులు స్తంభించాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. మొదటి వెర్షన్ వాడకం ఆపమని మైక్రోసాఫ్ట్ ఇంజినీరు నెడ్ పైల్ 2016 నుంచే బహిరంగంగా మొత్తుకుంటున్నాడు. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి దాన్ని తొలగించడం మొదలైంది. హోమ్, ప్రో ఎడిషన్లలో ఆ భాగం కొంతకాలం ఉంచారు గానీ, కంప్యూటర్ ఆన్‌లో ఉన్న సమయం లెక్కన 15 రోజులు ఎవరూ దాన్ని వాడకపోతే అది తనంతట తాను తొలగిపోయేలా పెట్టారు. మొన్నటిదాకా తెరుచుకున్న డిస్క్ ఈవేళ ఎందుకు తెరుచుకోవడం లేదన్న ప్రశ్నకు చాలా ఇళ్లలో ఇదే జవాబు. కొన్ని వారాలు ఎవరూ ఆ డిస్క్ జోలికి పోలేదు, విండోస్ చెప్పకుండా ఆ తలుపు మూసేసింది.

ఈ మార్పు అక్కడితో ఆగలేదు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లకు ఇంకో రెండు మార్పులు వచ్చాయి. ఎస్ఎంబీలో ప్రతి సందేశం మీద సంతకం ఉండి తీరాలన్నది ఒకటి. మధ్యలో ఎవరూ దాన్ని మార్చలేదని ఆ సంతకంతో తెలుస్తుంది. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా లోపలికి వెళ్లడం కుదరదన్నది రెండోది. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ వాళ్లకు ఈ గెస్ట్ నిషేధం 2017 నుంచే ఉంది, ఇప్పుడు ప్రో వాళ్లకూ వచ్చింది. రెండు మార్పులూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. సంతకానికి కావాల్సిన తాళంచెవి పాస్‌వర్డ్ నుంచే పుడుతుంది, గెస్ట్‌కు పాస్‌వర్డ్ లేదు కాబట్టి సంతకమూ ఉండదు. ఇంట్లోవాళ్లే కదా అని రౌటర్ డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టని ప్రో ఎడిషన్ వాళ్లు ఈ అప్‌డేట్‌తో ఒక్కసారిగా బయట నిలబడిపోయారు.

ఏ తలుపు మూసుకుందో మెసేజ్‌ను బట్టి కొంత పోల్చుకోవచ్చు. ఈ షేర్‌కు కాలం చెల్లిన ఎస్ఎంబీ1 కావాలి, అది సురక్షితం కాదు అన్న అర్థంలో ఉంటే రౌటర్‌కు మొదటి వెర్షన్ తప్ప రాదు. గెస్ట్ యాక్సెస్‌ను మీ సంస్థ భద్రతా నియమాలు అడ్డుకుంటున్నాయి అంటే పాస్‌వర్డ్ లేని షేర్ అన్నమాట. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌లో సంస్థ ఎక్కడిదని తికమక పడక్కర్లేదు, విండోస్ అందరికీ అదే వాక్యం చూపిస్తుంది. క్రిప్టోగ్రాఫిక్ సిగ్నేచర్ చెల్లదు అంటే సంతకం దగ్గర తేడా.

ఇప్పుడు ఏం చేయాలన్న చోట స్పష్టంగా ఉండాలి. విండోస్ ఫీచర్ల జాబితాలోకి వెళ్లి ఎస్ఎంబీ 1.0కు టిక్ పెట్టేయడం, విండోస్‌లో కమాండ్లు రాసే పవర్‌షెల్‌లో సంతకం అక్కర్లేదని చెప్పేయడం, గ్రూప్ పాలసీలో గెస్ట్‌ను అనుమతించడం, ఇవి రెండు నిమిషాల్లో అయిపోయే పనులు. ఎక్కడ అడిగినా మొదట దొరికే సలహాలూ ఇవే. వీటితో డిస్క్ తెరుచుకుంటుంది. కానీ ఆ సెట్టింగ్ ఒక్క రౌటర్‌కే వర్తించదు. అదే ల్యాప్‌టాప్ రేపు కాలేజీ వైఫైలో, హోటల్ వైఫైలో, రైల్వే స్టేషన్‌లో కూడా అవే తెరిచిన తలుపులతో తిరుగుతుంది. నాలుగు ఫొటోల కోసం అంత ధర చెల్లించాల్సిన పని లేదు. మార్పు రౌటర్ వైపే జరగాలి.

ముందు రౌటర్ ఫర్మ్‌వేర్‌కు, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్‌కు, అప్‌డేట్ ఉందేమో చూడాలి. చాలా మోడళ్లకు కంపెనీలు ఆలస్యంగానైనా రెండో వెర్షన్ తెచ్చాయి. కొన్నిటిలో ఎస్ఎంబీ వెర్షన్ ఎంచుకునే మీట సెట్టింగ్స్‌లో దాగి ఉంటుంది, మొదటిది ఆపి రెండోదో మూడోదో పెట్టాలి. తర్వాత గెస్ట్ షేరింగ్ ఆపి, డిస్క్‌కు ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టాలి. ఈ రెంటితో 24హెచ్2 ఇబ్బందులు చాలావరకు తీరిపోతాయి, ఎందుకంటే పాస్‌వర్డ్ రాగానే సంతకమూ వీలవుతుంది. కనెక్ట్ అయ్యాక ఏ వెర్షన్ నడుస్తోందో పవర్‌షెల్‌లో ఎస్ఎంబీ కనెక్షన్లు చూపే కమాండ్ చెబుతుంది. అందులో డయలెక్ట్ అన్న కాలమ్ కింద 2తో గానీ 3తో గానీ మొదలయ్యే అంకె ఉంటే మంచిదే. ఏ అప్‌డేటూ రాని పాత రౌటర్ అయితే కంపెనీ ఫర్మ్‌వేర్ బదులు వేసుకునే ఉచిత ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దాని మోడల్‌కు వస్తుందేమో చూడవచ్చు, కొంచెం చేయి తిరిగినవాళ్లకు అది మంచి దారి. అదీ కుదరకపోతే ఆ రౌటర్‌ను వైఫైకి ఉంచుకుని, డిస్క్‌ను మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌కో, రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కో మార్చడం మేలు. దాంతో వేగమూ పెరుగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు, 100 మెగాబిట్ల లాన్ పోర్టు ఉన్న రౌటర్ నుంచి కేబుల్ మీద కూడా సెకనుకు 11, 12 మెగాబైట్లకు మించి రావు.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా రానివ్వదు

పాస్‌వర్డ్ పెట్టాక కొత్త చిక్కు మొదలవుతుంది. విండోస్ అడిగే పేరు, పాస్‌వర్డ్ రౌటర్‌లో పెట్టినవి, మైక్రోసాఫ్ట్ ఖాతావి కావు. ల్యాప్‌టాప్ తెరిచే నాలుగంకెల పిన్ అయితే అసలే కాదు. కొన్ని రౌటర్లలో అడ్మిన్ పేజీ పాస్‌వర్డే డిస్క్‌కూ పనిచేస్తుంది, కొన్నిటిలో విడిగా పెట్టాలి. విండోస్ తన కంప్యూటర్ పేరును యూజర్ పేరుకు ముందు తగిలించి పంపడం వల్ల కూడా తిరస్కారం రావచ్చు. పేరుకు ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టి రాస్తే ఆ తగిలింపు ఆగుతుంది.

పాత పాస్‌వర్డ్ జ్ఞాపకం ఇంకో అడ్డు. విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో రౌటర్ అడ్రస్ పేరుతో పాత వివరాలు ఉంటే విండోస్ మళ్లీ అడక్కుండా వాటినే పంపిస్తూ ఉంటుంది. వాటిని తీసేయాలి. ఒకే సర్వర్‌కు ఒకే సమయంలో రెండు వేర్వేరు పేర్లతో వెళ్లడాన్ని కూడా విండోస్ ఒప్పుకోదు, 1219 నంబరు ఎర్రర్ అర్థం అదే. ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి వస్తే పాత కనెక్షన్ వదులుతుంది. ల్యాప్‌టాప్‌లో తేలకపోతే ఫోన్ నుంచి ప్రయత్నించడం మంచి పరీక్ష. ఐఫోన్‌లో ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లోనే సర్వర్‌కు కనెక్ట్ అయ్యే వీలుంది, ఆండ్రాయిడ్‌లో చాలా ఫైల్ మేనేజర్లకు ఉంది. ఫోన్‌లో తెరుచుకుంటే లోపం ఆ ల్యాప్‌టాప్‌దే.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకునేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పాత ఫర్మ్‌వేర్లలో డిస్క్‌ను యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ రాసే పద్ధతి) లేకుండా తెరవడం వల్ల తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి, కొన్ని ఫైళ్లు తెరుచుకోవు. ఫైలు పాడవలేదు, పేరు మాత్రమే చదవలేకపోతోంది. రౌటర్‌లో భాషా సెట్టింగ్ ఉంటే యూటీఎఫ్-8కు మార్చాలి. ఇంకో హద్దు కూడా ఉంది. ఎక్స్‌ట్4లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, ప్రతి పొల్లుకూ మూడేసి బైట్లు. 'లక్ష్మి' అన్న రెండక్షరాల పేరు 21 బైట్లు తింటుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో హాయిగా ఉన్న పొడుగాటి తెలుగు పేరు ఎక్స్‌ట్4 డిస్క్‌కు కాపీ కాకపోవడానికి ఇదే కారణం. పేరు కుదిస్తే కాపీ అవుతుంది.

బయటి నుంచి చూడాలనుకుంటే

ఇంట్లో పనిచేశాక, ఇదే డిస్క్‌ను అమెరికాలో ఉన్న అబ్బాయీ హైదరాబాద్ హాస్టల్‌లో ఉన్న అమ్మాయీ చూస్తే బాగుండునని అనిపిస్తుంది. చాలా రౌటర్లలో దానికి ఒక మీట ఉంటుంది, ఇంటర్నెట్ నుంచి ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకునే ఒక పాత పద్ధతి) అనుమతించు లాంటి పేరుతో. దాన్ని నొక్కకూడదు. 2014 ఫిబ్రవరిలో ఆసుస్ రౌటర్లకు పెట్టిన డిస్కులు 12,900కు పైగా ఇలాగే బయటివాళ్ల చేతికి చిక్కాయి. ఆ రౌటర్లలో లోపాలూ ఉన్నాయి, అందరికీ ఒకేలా ఉండే 'ఫ్యామిలీ' అన్న డిఫాల్ట్ పేరు, పాస్‌వర్డూ ఉన్నాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ చేపట్టింది, 2016లో ఆ కంపెనీ 20 ఏళ్లపాటు బయటివాళ్ల భద్రతా తనిఖీలకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎస్ఎంబీ వాడే 445 నంబరు పోర్టును బయటికి తెరవడమైతే వనాక్రై లాంటివాటిని పిలిచి కూర్చోబెట్టడమే.

మన దగ్గర చాలా కనెక్షన్లలో ఆ మీట నొక్కినా పని జరగదు. జియో సహా పలు కంపెనీలు సీజీనాట్ వాడతాయి. అంటే ఎన్నో ఇళ్లకు కలిపి బయట ఒకే ఐపీవీ4 అడ్రస్ ఉంటుంది, ఆ అడ్రస్‌కు వచ్చిన అభ్యర్థన ఏ ఇంటికి వెళ్లాలో తెలియదు. బయటి అభ్యర్థనలను లోపలి పరికరానికి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ సెట్టింగ్స్ ఎన్నిసార్లు సరిచూసినా ఫలితం ఉండదు. రౌటర్‌లో కనిపించే వాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవుతుంటే అది సీజీనాట్ అని గుర్తు. పబ్లిక్ ఐపీ, అంటే బయట తమకంటూ సొంత అడ్రస్, ఉన్నవాళ్లు రౌటర్‌లో వైర్‌గార్డ్ లేదా ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సర్వర్ ఉంటే దాన్ని పెట్టుకుని, దాని గుండా ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చి, అప్పుడు మామూలుగా డిస్క్ తెరుచుకోవచ్చు. లేనివాళ్లు దూరంగా ఉన్నవాళ్లకు కావాల్సిన ఫొటోలను మాత్రం ఒక క్లౌడ్ ఆల్బమ్‌లో పెట్టి లింకు పంపడం మంచిది. ఆ ఫొటోల ఇంకో కాపీ వేరే డిస్క్‌లో వేసి బీరువాలో పెట్టుకోవాలి, రౌటర్‌కు ఉన్న డిస్క్‌ను బ్యాకప్ కింద లెక్క వేయకూడదు.